పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి అంటున్నారు

ప్రశ్న: మా చెల్లెలి కొడుకుకు నాలుగున్నరేళ్లు. పై ముందుపళ్లు నాలుగూ నల్లబడి విరిగిపోయాయి, చిగురు దగ్గర ముక్కలు మాత్రమే మిగిలాయి. కింది దవడపళ్లలో రెండు వైపులా గుంతలున్నాయి. ఈ ఏడాది రెండుసార్లు బుగ్గ వాచింది. రెండుసార్లూ మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోశారు, తగ్గింది. చెల్లెలు, మరిది బట్టల దుకాణం నడుపుతారు. పొద్దున వెళితే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రారు. బాబు వాళ్ల నానమ్మ దగ్గర ఉంటాడు. ఇప్పటికీ చక్కెర కలిపిన పాలసీసా నోట్లో ఉంటేనే నిద్రపోతాడు. డాక్టరుకు చూపించమంటే చెల్లెలు "పాలపళ్లే కదా అక్కా, ఎలాగూ ఊడిపోతాయి" అంటుంది. గట్టిగా అడిగితే మా మరిది "మా పిల్లవాడి సంగతి మేం చూసుకుంటాం వదినా" అన్నాడు. ఫ్లోరైడ్ పేస్టు విషమని ఎక్కడో విని అది కూడా మానిపించాడు. బాబుకు ఎనిమిది నెలల చెల్లెలు ఉంది. ఇది నిర్లక్ష్యం కాదా? ఒక్కోసారి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలనిపిస్తుంది. నేను పెద్దమ్మను మాత్రమే. నాకు ఆ హక్కు ఉందా?
– ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, హక్కు సంగతి మీరు ఉత్తరం చివర అడిగారు. దానికి తప్పకుండా వస్తాను. ముందు ఆ రెండు వాపుల గురించి మాట్లాడనివ్వండి. అవి ఇక్కడితో ఆగేవి కావు.

గుంత లోతుగా దిగి పంటి నరాన్ని చేరితే నరం చచ్చిపోతుంది. ఆ తర్వాత పంటి లోపలికి రక్తం పారదు. రక్తం పారని చోటికి మందు కూడా చేరదు. క్రిములు అక్కడే స్థిరపడి, వేరు కొస నుంచి ఎముకలోకి, ఎముక నుంచి బుగ్గలోకి చీము దింపుతాయి. సిరప్ పోస్తే బుగ్గలోకి వచ్చిన చీము అణుగుతుంది. పంటిలో ఉన్నది అలాగే ఉంటుంది. మీవాళ్లు తగ్గిందని అనుకుంటున్నది ఈ విరామాన్నే. ఆ పంటికి చికిత్స జరిగే వరకు వాపు మళ్లీ వస్తూనే ఉంటుంది, ఎప్పుడన్నదే తెలియదు. ఆ వాపు కంటి కిందికి పాకినా, దవడ కింద గట్టిగా ఉబ్బినా, జ్వరం వచ్చినా, బాబు నోరు తెరవలేకపోయినా, మింగలేక చొంగ కారుస్తున్నా అది తెల్లారే వరకు ఆగే విషయం కాదు. ఆ క్షణమే పెద్ద ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. మీ చెల్లెలితో పాటు నానమ్మకు కూడా ఈ గుర్తులు చెప్పి ఉంచండి. పగలంతా బాబు ముఖం చూసేది ఆమే.

ఇప్పుడు వాపు లేకపోయినా ఈ వారంలోనే బాబును పిల్లల దంతవైద్యులకు చూపించాలి. సెలవులు వచ్చాక, పండగ సీజను అయ్యాక అంటూ వాయిదా వేసే స్థితి దాటిపోయింది.

ఇక "ఎలాగూ ఊడిపోతాయి" అన్న మాట. ఇది మీ చెల్లెలు ఒక్కతే అనడం లేదు. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చదువుకున్నవాళ్లు, చదువులేనివాళ్లు, డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అందరూ అంటారు. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002–03లో దేశమంతటా చేయించిన సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పిప్పిపళ్లు కనిపించాయి. అంత విస్తారంగా ఉన్న జబ్బును జబ్బుగా చూడకుండా చేస్తున్నది ఈ ఒక్క మాటే.

లెక్క వేసి చూపించండి. పై ముందుపళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఊడతాయి. గుంతలు పడిన దవడపళ్లు మాత్రం తొమ్మిదేళ్ల దాకా, వాటిలో వెనకవి పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. బాబుకు ఇప్పుడు నాలుగున్నర. అంటే ఊడిపోతాయని ఎదురుచూస్తూ కూర్చుంటే వాడు మరో ఐదారేళ్లు ఈ పళ్లతోనే నమలాలి, ఈ పళ్లతోనే నిద్రపోవాలి, ఐదో తరగతి దాకా ఈ పళ్లతోనే బడికి వెళ్లాలి. పాలదవడ వేర్ల మధ్యలోనే రాబోయే శాశ్వత పన్ను మొలక పెరుగుతూ ఉంటుంది. పైన ఏళ్ల తరబడి చీము ఉంటే ఆ కొత్త పన్ను మచ్చలతోనో, గరుకుగా ఎనామిల్ (పంటి గట్టి పైపొర) సరిగా ఏర్పడకనో రావచ్చు. పాలపన్ను ముందే పోతే వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, కింద నుంచి రావలసిన పంటికి చోటు ఉండదు. పన్నెండేళ్లకు ఎగుడుదిగుడు పళ్లకు తీగలు వేయించడానికి వచ్చే పిల్లల్లో కొందరి కథ ఇలాగే మొదలై ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్ల ప్రాంతంలో పాలదవడల వెనక ఒక కొత్త దవడపన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు, అందుకని ఇంట్లోవాళ్లు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పుచ్చిపోయిన పళ్లు పక్కనే ఉన్న నోట్లోకి అది వస్తే ఏడాది తిరక్కుండానే దానికీ గుంత పడవచ్చు. మీ బాబుకు అది రావడానికి ఇంకా ఏడాదిన్నర సమయం ఉంది. ఆ లోపల నోరు బాగుపడాలి.

"వాడికి నొప్పేమీ లేదు, హాయిగా ఆడుకుంటున్నాడు" అని కూడా మీకు చెప్పే ఉంటారు. రెండేళ్ల వయసు నుంచి పళ్లు సలుపుతున్న పిల్లవాడికి సలపని నోరు ఎలా ఉంటుందో తెలియదు. అందుకే నొప్పి అని చెప్పడు. చూడవలసింది వాడు తినే తీరు. అన్నం బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చుంటాడు. ముద్ద మెత్తగా కలిపితేనే మింగుతాడు. జంతిక, జామకాయ చేతికిస్తే పక్కన పెట్టేస్తాడు. ఒకే వైపు నములుతాడు. చల్లటి నీళ్లు తాగేటప్పుడు తల ఒక పక్కకు వంచుతాడు. రాత్రి ఉన్నట్టుండి లేచి ఏడుస్తాడు, ఎందుకో చెప్పలేడు. ఇంట్లో దీన్ని మారాం అంటారు, తిండి దొంగ అంటారు, ఫోను చూపిస్తే గానీ తినడంటారు. చికిత్స అయిన రెండు మూడు వారాలకు అదే తల్లి వచ్చి "డాక్టరుగారూ, పెట్టింది పెట్టినట్టు తింటున్నాడు" అని ఆశ్చర్యపోతూ చెబుతుంది. ఆ మాట నేను మళ్లీ మళ్లీ విన్నాను, విన్న ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. అన్ని నెలలు ఆ పసివాడు ఆకలి, నొప్పి రెండింటితో సతమతమై ఉంటాడు.

ఈ పళ్లు ఇలా కావడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది: రాత్రి సీసా. పంటిని అంటుకుని ఉండే క్రిములు చక్కెరను తిని ఆమ్లం విడుదల చేస్తాయి. పగలైతే లాలాజలం ఆ ఆమ్లాన్ని అరగంటలోనో గంటలోనో కడిగి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పూస్తుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. తీపి పాలు పై ముందుపళ్ల వెనక నిలిచిపోయి తెల్లవార్లూ ఆమ్లం పని చేస్తూనే ఉంటుంది. పైగా పాలపంటి ఎనామిల్ శాశ్వత పంటి దానిలో సగం మందమే. మీ బాబు పెదవి ఎత్తి చూడండి, పై ముందుపళ్లు పోయినా కింది ముందుపళ్లు బాగానే ఉండి ఉంటాయి. సీసా తాగేటప్పుడు నాలుక వాటి మీద కప్పుకుని ఉంటుంది, వాటి పక్కనే లాలాజల గ్రంథులుంటాయి. ఈ తేడా చూస్తే చాలు, దంతవైద్యులు రాత్రి సీసా సంగతి అడగకుండానే గ్రహిస్తారు. క్యాల్షియం తక్కువై ఇలా అయిందన్నా, పురుగు తొలిచిందన్నా, మందుల వేడికి నల్లబడ్డాయన్నా నమ్మకండి. పొగ పట్టి పురుగులు తీస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లనివ్వకండి. గుంతలో కర్పూరం, లవంగనూనె, పొగాకు పెట్టడం వల్ల పిల్లల చిగుళ్లు కాలిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న: ఇది నిర్లక్ష్యం కాదా? నా సమాధానం సూటిగా చెబుతాను. ఇప్పటివరకు జరిగింది ఎక్కువగా తెలియనితనం, దానికి తోడు తీరిక లేకపోవడం. పై పెదవి ఎత్తి చూడమని ఆ తల్లికి ఎవరూ చెప్పి ఉండరు. టీకాలకు వెళ్లిన చోట బరువు తూచారు, ఎత్తు కొలిచారు, నోరు తెరిపించి చూడలేదు. చిగురు అంచున సున్నం గీతలా తెల్లచార కనిపించిన రోజున ఎవరైనా ఆపి ఉంటే పళ్లు నిలిచేవి. అమెరికాలో పిల్లల దంతవైద్యుల అకాడమీ కూడా పిప్పిపళ్లు ఉన్నాయన్నంత మాత్రాన నిర్లక్ష్యం అనదు. నొప్పి, చీము లేకుండా పిల్లలు తినగలిగేందుకు అవసరమైన వైద్యాన్ని తల్లిదండ్రులు ఉద్దేశపూర్వకంగా చేయించకపోవడాన్నే అలా అంటుంది. నేనూ అలాగే చూస్తాను. జబ్బు ఏమిటో విడమరచి చెప్పి, ఎక్కడ చూపించాలో చెప్పి, తోడు వస్తామని చెప్పి, ఖర్చుకు దారి చూపించిన తర్వాత కూడా వాచిన బుగ్గతో పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెడితే అది నిర్లక్ష్యమే. ఆ గీత దగ్గరికి మీవాళ్లు వచ్చారు, ఇంకా దాటలేదు. దాటనివ్వకుండా చేయడం ఇప్పుడు మీ చేతుల్లో కొంత ఉంది.

అందుకే ఆ మాట వాళ్ల ముందు వాడకండి. "మీరు పట్టించుకోవడం లేదు" అన్న క్షణం మీ మరిది తలుపు వేసేస్తాడు, మీ చెల్లెలు భర్త పక్షాన నిలబడక తప్పదు. బాబు సంగతి పక్కకు పోయి అక్కాచెల్లెళ్ల తగాదా మిగులుతుంది. దుకాణం మూసిన తర్వాత ఒక రాత్రి వెళ్లండి. అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకుండా, చెల్లెలిని పక్కకు పిలిచి బాబును ఒళ్లో పడుకోబెట్టుకుని ఫోను వెలుతురులో ఆ దవడపళ్లను, పంటి పక్కన చిగురు మీద చీముపొక్కు ఉంటే దాన్ని ఆమె కళ్లతో చూడనివ్వండి. చూసిన తల్లికి వేరే వాదన అక్కర్లేదు. వెంటనే "గురువారం నేను దుకాణంలో కూర్చుంటాను, నువ్వు వీణ్ణి తీసుకెళ్లు" అనండి, లేదా "నేను తీసుకెళతాను, నువ్వు ఒప్పుకో" అనండి. పని చేసుకుంటే గానీ గడవని ఇంట్లో సలహా కన్నా ఒక పూట సాయం ఎక్కువ పని చేస్తుంది. మత్తుమందు ఇచ్చి చేసే చికిత్సలకు తల్లి లేదా తండ్రి సంతకం కావాలి కాబట్టి ఇద్దరిలో ఒకరిని వెంట రమ్మనడమే మంచిది.

నానమ్మను దోషిగా నిలబెట్టకండి. అరవై దాటిన వయసులో ఇద్దరు పసివాళ్లను రోజంతా చూస్తున్న మనిషి. ఏడుపు ఆపే సాధనంగా సీసా ఆమెకు దొరికింది. ఆమెతో కూర్చుని సీసా మాన్పించే పద్ధతి చెప్పండి. మొదటి మూడు నాలుగు రోజులు చక్కెర సగానికి తగ్గించండి, తర్వాత పూర్తిగా ఆపండి. పాలు గ్లాసుతో, పడకకు ముందు, కూర్చోబెట్టి తాగించండి. ఆ తర్వాత పళ్లు తోమాలి. తోమాక ఉదయం దాకా మంచినీళ్లు తప్ప మరేమీ నోట్లోకి వెళ్లకూడదు. సీసా కావాలని పట్టుబడితే అందులో నీళ్లే పోసి ఇవ్వండి. మూడు నాలుగు రాత్రులు ఏడుస్తాడు, ఇల్లంతా నిద్ర ఉండదు. ఆ రాత్రుల్లో ఒకటి రెండు మీరు అక్కడే పడుకోగలిగితే ఎంతో మేలు. పగలు బిస్కట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ రసాలు గంటకోసారి ఇస్తుంటే నోట్లో ఆమ్లం తగ్గే వ్యవధే ఉండదు. తీపి ఇవ్వాలనుకుంటే భోజనంతో పాటు ఇచ్చేయమనండి.

వైద్యానికి వెళితే ఏం చేస్తారోనన్న భయం, ఎంతవుతుందోనన్న భయం మీ మరిది మాట వెనక ఉండవచ్చు. గుంటూరు నుంచి విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల దూరమేమీ కాదు. అక్కడ పిల్లల దంత విభాగం ప్రత్యేకంగా ఉంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో, రాయలసీమవారికి కడపలో ఇలాంటి కళాశాలలే ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా క్లినిక్ కన్నా ఖర్చు బాగా తక్కువ. ముందు ఎక్స్‌రే తీస్తారు. నిలబెట్టగలిగిన దవడపళ్లకు నరం శుభ్రం చేసి మందు నింపి, పైన స్టీలు తొడుగు వేస్తారు. అది పన్ను ఊడే రోజు దాకా ఉండి, పంటితో పాటే ఊడుతుంది. నిలవని పన్ను తీసేసి, చోటు మూసుకుపోకుండా చిన్న తీగ అమరుస్తారు. నరం దాకా వెళ్లని గుంతలు ఉంటే మత్తు, డ్రిల్లు ఏమీ లేకుండా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రావకం పూసి పుచ్చు ముదరకుండా ఆపవచ్చు. పూసిన చోట నల్లగా అవుతుంది, కానీ పుచ్చు గట్టిపడి ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. నరం చచ్చిన పళ్లకు మాత్రం అది పనికిరాదు. పై ముందుపళ్ల ముక్కలు చాలావరకు తీసేయవలసే రావచ్చు. ఆ సంగతి చెల్లెలికి ముందే చెప్పి ఉంచితే అక్కడ కంగారుపడదు. మరీ భయపడే పిల్లలకు, ఒకేసారి ఎక్కువ పళ్లకు చేయాల్సి వస్తే పూర్తి మత్తు ఇచ్చి ఒకే పూటలో ముగిస్తారు. బాబును "సూది వేయిస్తా" అని ఎప్పుడూ బెదిరించవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఫ్లోరైడ్ గురించి మీ మరిది భయాన్ని కొట్టిపారేయలేను. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, తొలిసారి 1937లో నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ప్రకాశం, నల్గొండ పల్లెల్లో వంగిన కాళ్లు, గట్టిపడిన నడుములు చూసిన వాళ్లకు ఆ పేరు వింటేనే భయం వేస్తుంది. అక్కడ హాని చేసింది ఏళ్ల తరబడి తాగిన బోరు నీళ్లు. పరిమాణం చూద్దాం. 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాల ఫ్లోరైడ్) పేస్టు బియ్యపుగింజంత వాడితే అందులో ఉండే ఫ్లోరైడ్ సుమారు 0.1 మిల్లీగ్రాము. మన దేశంలో తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీగింజంత పేస్టు చాలు. బ్రష్షు నిండా పరిచే అలవాటు పూర్తిగా మానాలి. ట్యూబు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉండదు, పెట్టె మీద చదివి కొనండి. మీ ఇంటి తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే ముందు నీటిని మార్చాలి, పేస్టు సంగతి దంతవైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

తోమడం పెద్దవాళ్ల పని. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లల చేతికి పళ్లు శుభ్రం చేసే నేర్పు రాదు. బాబును ఒళ్లో తల పెట్టి పడుకోబెట్టుకుని, ఎడమ చేతి వేలితో పెదవి ఎత్తి, చిగురు అంచు వెంట చిన్న బ్రష్షు మెల్లగా కదపాలి. రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత ఉమ్మితే చాలు, నీళ్లతో పుక్కిలించనక్కర్లేదు. దుకాణం నుంచి తొమ్మిదికి వచ్చినా సరే, రాత్రి తోమే పని మీ మరిదికి అప్పగించి చూడండి. బాబు ఆ వేళకు మేలుకునే ఉంటే తండ్రికి కూడా వాడితో రెండు నిమిషాలు దొరుకుతాయి. తన చేతులతో ఆ నోరు చూసిన తర్వాత "మేం చూసుకుంటాం" అన్న మాటకు అర్థం మారుతుంది.

1098 విషయం. అది పిల్లల సహాయ నంబరు, రోజంతా ఉంటుంది, ఎవరైనా చేయవచ్చు, బంధుత్వం అడ్డు కాదు. పిల్లల బాధ్యత తమ చేతిలో ఉండి తెలిసీ నిర్లక్ష్యం చేసేవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ మూడేళ్ల దాకా జైలు శిక్షను గానీ, లక్ష రూపాయల జరిమానాను గానీ, రెండింటినీ గానీ చెబుతోంది. కాబట్టి హక్కు మీకుంది. ఇప్పుడే ఆ నంబరుకు చేయవద్దని మాత్రం నా సలహా. ముందు చెల్లెలు, తర్వాత నానమ్మ, ఆ తర్వాత మీ మరిది మాట వినే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయన. బాబు అంగన్‌వాడీకో, ప్రభుత్వ బడికో వెళుతుంటే అక్కడికి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వస్తుంది, వాళ్లు చూసే జబ్బుల్లో పిప్పిపళ్లు కూడా ఉన్నాయి. బయటి డాక్టరు చెబితే వినే తండ్రులుంటారు. ఇవన్నీ అయ్యాక కూడా బుగ్గ మళ్లీ వాచి, డాక్టరు వద్దకు తీసుకెళ్లం అంటే మీరు వెనకాడకండి. చెల్లెలితో మాటలు తెగిపోతాయేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. చీము ముఖంలోకి పాకుతున్న పిల్లవాడికి ఆ భయం తీరే వరకు వ్యవధి ఉండదు.

ఆసుపత్రికి వెళ్లిన రోజున ఎనిమిది నెలల పాపను కూడా వెంట తీసుకెళ్లండి. మొదటి పుట్టినరోజు లోపల ఒకసారి నోరు చూపించాలి, ఆ పని కూడా అక్కడే అయిపోతుంది. పాపకు ఇప్పటికే కింద రెండు పళ్లు వచ్చి ఉండవచ్చు. వచ్చిన రోజు నుంచే మెత్తటి బ్రష్షుతో, బియ్యపుగింజంత పేస్టుతో పూటకోసారి తుడవమనండి. తల్లిపాలు ఇస్తుంటే నిశ్చింతగా కొనసాగించవచ్చు. ఏడాది దాటాక నిద్రలో రాత్రంతా తాగే అలవాటును నెమ్మదిగా తగ్గిస్తే చాలు. పాలపీకకు తేనె, చక్కెర రాయవద్దు. సీసా అలవాటు లేకపోతే ఇక మొదలుపెట్టవద్దు, ఆరు నెలలు దాటిన పాప చిన్న గిన్నెతో తాగడం నేర్చుకుంటుంది. అన్నకు సీసా మాన్పిస్తున్న ఇంట్లో చెల్లెలి చేతికి కొత్త సీసా రాకుండా మీరు కొంచెం కనిపెట్టి ఉండండి.